రాత్రి రెండింటి దాకా ఎర్ర సముద్రం

నిన్న రాత్రి 'ది టెన్ కమాండ్‌మెంట్స్' మళ్లీ పెట్టుకున్నాను. బైబిల్లో మోషే తన జనాన్ని ఈజిప్టు బానిసత్వం నుంచి బయటికి నడిపించే కథ. 1956 నాటి సినిమా, దాదాపు మూడు గంటల నలభై నిమిషాలు. ఇంటర్వెల్ దాకా చూసి పడుకుందామనుకున్నా. టైమ్ చూసేసరికి రెండు దాటింది.

చిన్నప్పుడు సముద్రం చీలే సీన్‌కి నోరు తెరిచి కూర్చున్నాను. ఇప్పుడు కిటుకు తెలుసు. పెద్ద పెద్ద తొట్టెల్లోకి నీళ్లు వదిలి షూట్ చేసి, ఆ ఫిల్మును వెనక్కి తిప్పారు. తెలిసినా ఒళ్లు జలదరించింది. ఆ సినిమాకొచ్చిన ఒకే ఒక్క ఆస్కార్ ఈ స్పెషల్ ఎఫెక్ట్స్‌కే.

ఈసారి మాత్రం కన్ను ఆగింది జనం ఈజిప్టు వదిలి బయల్దేరే దగ్గర. ముసలివాళ్లు, పసిపిల్లలు, పశువులు, మూటలు... ఎవరి హడావుడి వాళ్లది. ఎక్కడ పాజ్ చేసినా ఫ్రేములో ఒక కథ. ఆ జనమంతా నిజం మనుషులే, తీసింది కూడా ఈజిప్టులోనే. అక్కడ షూటింగ్‌లోనే డైరెక్టర్ సెసిల్ బి. డిమిల్‌కి గుండెపోటు వచ్చింది. 73 ఏళ్ల వయసు! కొద్ది రోజులకే మళ్లీ కెమెరా దగ్గరికొచ్చేశాడు. ఆయన డైరెక్ట్ చేసిన చివరి సినిమా ఇదే.

డైలాగులు కొన్నిచోట్ల మరీ నాటకంలా ఉన్నాయి, ఒప్పుకుంటా. మోషేగా చార్ల్‌టన్ హెస్టన్ బాగున్నాడు కానీ, నా ఓటు ఈజిప్టు రాజు రామెసెస్‌గా వేసిన యూల్ బ్రిన్నర్‌కే. ఆ నడక, ఆ పొగరు! అన్నట్టు, బుట్టలో దొరికే పసి మోషే హెస్టన్ సొంత కొడుకే.

పొద్దున అమ్మ అడిగింది, "రాత్రంతా ఏంట్రా ఆ హోరు?" అని. సముద్రం అమ్మా, అన్నాను.