ఐదు పౌండ్ల రైఫిల్, ఆరు పౌండ్ల ట్రిగ్గర్

మొదటి వారం

నా దగ్గర ఉన్నది రూగర్ 10/22 కార్బైన్. .22 రిమ్‌ఫైర్ అనే చిన్న తూటాలు కాల్చే సెమీ ఆటోమేటిక్ రైఫిల్, అంటే ఒకసారి లాగితే ఒక తూటా కాల్చి, తరువాతిది తనంతట తానే ఎక్కించుకునే రకం. 1964 నుంచి తయారవుతున్న నమూనా కాబట్టి దీనికి దొరకని విడిభాగం లేదు, దీని మీద సలహా ఇవ్వని మనిషీ లేడు. అందరూ మొదట చెప్పే సలహా ఒకటే: ట్రిగ్గర్ మార్చు. మార్చే ముందు ఇప్పుడున్నది ఎలా ఉందో కొలుద్దామని ఈ లెక్కల పుస్తకం మొదలుపెట్టాను.

ట్రిగ్గర్ బరువు కొలిచే స్ప్రింగ్ త్రాసు కొన్నాను. రైఫిల్ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసి, వేలు ఆనే చోటే త్రాసు కొక్కెం తగిలించి, పది సార్లు నెమ్మదిగా లాగాను. కొక్కెం ఒక సెంటీమీటరు పైకి జరిగినా అంకె మారిపోతుంది. అందుకే ట్రిగ్గర్ మీద సన్నని టేపు ముక్క అంటించి గుర్తు పెట్టుకున్నాను. వచ్చిన అంకెలు పౌండ్లలో: 5.7, 6.2, 5.9, 6.4, 5.6, 6.1, 6.3, 5.8, 6.0, 6.0. సగటు సరిగ్గా 6 పౌండ్లు, అంటే దాదాపు 2.7 కిలోలు.

రైఫిల్ మొత్తం బరువు ఇంచుమించు 5 పౌండ్లు. తుపాకీని మోయడానికి పట్టే బలం కన్నా దాన్ని పేల్చడానికి ఒక్క వేలితో పెట్టే బలమే ఎక్కువన్నమాట. ఆ ఆరు పౌండ్లు తిన్నగా వెనక్కి రాకుండా కాస్త పక్కకు తోసినా రైఫిల్ కదలక ఏం చేస్తుంది? లెక్క వేసి చూశాను. అర మీటరు పొడవున్న గొట్టం కొస 0.1 మిల్లీమీటరు పక్కకు జరిగితే, 50 మీటర్ల దూరాన తూటా 10 మిల్లీమీటర్లు పక్కన పడుతుంది.

సగటు కన్నా నన్ను ఇబ్బంది పెట్టింది తేడా. ఒకసారి 5.6, మరోసారి 6.4. ట్రిగ్గర్ ఎప్పుడు తెగుతుందో, అంటే ఎప్పుడు పేలుస్తుందో, వేలికి ముందే తెలియదు. పైగా లాగుతున్నంతసేపూ ట్రిగ్గర్ గరగరమంటూ జరుగుతుంది. తుప్పు పట్టిన తలుపు గడియ తీస్తున్నట్టు ఉంటుంది. దీన్నే క్రీప్ అంటారు. తూటాను పేల్చే పిన్నును కొట్టేది హామర్, దాన్ని పట్టి ఆపేది సియర్. హామర్ గాడిలో ఆనుకుని ఉన్న సియర్ అంచు, ఆ గాడి నుంచి పూర్తిగా జారిపోయే దాకా చేసే ప్రయాణం అది. జారిన తరువాత వేలు ఒక్కసారిగా వెనక్కి పడుతుంది. అది ఓవర్‌ట్రావెల్. హామర్ కదిలి, పిన్ను తగిలి, తూటా గొట్టం దాటడానికి కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది. వేలు వెనక్కి పడేది సరిగ్గా ఆ సమయంలోనే.

రెండు, మూడు వారాలు

కంపెనీ ట్రిగ్గర్‌తోనే పునాది లెక్క. దూరం 50 మీటర్లు, ఒకే లాట్ (ఒకే విడతలో తయారైన) తూటాలు, 40 గ్రెయిన్ల (దాదాపు 2.6 గ్రాముల) బరువు, ధ్వని వేగం దాటని రకం. బల్ల మీద ఇసుక సంచులు ముందూ వెనకా పెట్టి ఐదేసి తూటాల గ్రూపులు పది. గ్రూపు కొలత అంటే ఆ ఐదు రంధ్రాల్లో ఎక్కువ ఎడంగా ఉన్న రెండింటి మధ్య దూరం. తరువాత నేల మీద కూర్చుని, మోచేతులు మోకాళ్లకు ఆనించి మరో పది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. 10/22లో ట్రిగ్గర్ మార్చాలంటే కట్టె (భుజానికి ఆనించి పట్టుకునే స్టాక్) నుంచి రైఫిల్‌ను బయటికి తీయాలి. దాన్ని పట్టి ఉంచేది ముఖ్యంగా ఒక మర. ఆ మర బిగువు మారితే గ్రూపూ మారుతుంది, తూటా పడే చోటూ మారుతుంది. కొత్త ట్రిగ్గర్ వేసి, మర వేరేగా బిగించి, గ్రూపు బాగా వచ్చిందంటే ఆ పుణ్యం ఎవరిది? అందుకని పాత ట్రిగ్గర్‌తో కాల్చేటప్పుడు కూడా ప్రతి రెండు గ్రూపులకు ఒకసారి రైఫిల్‌ను కట్టె నుంచి తీసి, మళ్లీ పెట్టి, బిగువు కొలిచే టార్క్ రెంచ్‌తో ఒకే కొలతకు బిగించాను. విసుగు పుట్టించే పని. గొట్టం మాత్రం శుభ్రం చేయలేదు. రిమ్‌ఫైర్ గొట్టాన్ని తుడిచాక మొదటి కొన్ని తూటాలు చెదరడం మామూలే కనుక, మధ్యలో ఆ గొడవ ఎందుకని వదిలేశాను.

బల్ల మీద సగటు గ్రూపు 31 మిల్లీమీటర్లు. కూర్చుని కాల్చినప్పుడు 92.

నాలుగో వారం

ముందు చవక దారి తొక్కాను, ఫలితం అనుభవించాను. హామర్ స్ప్రింగ్ ఒక్కటి మారిస్తే చాలు, ట్రిగ్గర్ తేలికవుతుందని చదివి ఒక మెత్తటి స్ప్రింగ్ తెప్పించాను. చెప్పిన మాట అబద్ధం కాదు. హామర్‌ను తోసే స్ప్రింగే సియర్ మీద ఒత్తిడి పెట్టేది కూడా. ఒత్తిడి తగ్గితే రాపిడి తగ్గుతుంది, రాపిడి తగ్గితే లాగే బరువు తగ్గుతుంది. త్రాసు 4.6 చూపించింది. సంబరపడ్డాను.

యాభై తూటాల్లో నాలుగు పేలలేదు. పేలని ప్రతిసారీ గొట్టాన్ని లక్ష్యం వైపే ఉంచి, అర నిమిషం ఆగి, తూటా బయటికి తీశాను. అంచు మీద పిన్ను గుర్తు లోతు లేకుండా, గోటి గీతలా ఉంది. రిమ్‌ఫైర్ తూటాలో మందు అడుగు అంచు చుట్టూ ఉంటుంది. అది అన్ని వైపులా సమంగా పరుచుకోకపోవచ్చు. దెబ్బ గట్టిగా ఉంటే ఆ లోపం బయటపడదు. మెత్తటి స్ప్రింగ్ దాన్ని బయటపెట్టింది. పైగా హామర్ నెమ్మదిగా కొడితే ట్రిగ్గర్ తెగడానికీ తూటా పేలడానికీ మధ్య వ్యవధి పెరుగుతుంది. అంటే వేలిని అదుపులో ఉంచుకోవాల్సిన సమయమూ పెరుగుతుంది. పాత స్ప్రింగ్ మళ్లీ వేశాను. తరువాతి వంద తూటాలూ పేలాయి.

ఐదు, ఆరు వారాలు

రూగర్ వాళ్లే విడిగా అమ్మే బీఎక్స్ ట్రిగ్గర్ తీసుకున్నాను. ఇది ఒక్క భాగం కాదు, పూర్తి ట్రిగ్గర్ పెట్టె. లోపలి భాగాలకు ఆకురాయి పెట్టాల్సిన అవసరం లేకపోవడమే నాకు నచ్చింది. సియర్‌ను ఇంట్లో రుద్దడం నా దృష్టిలో తెలివితక్కువ పని. అంచు కోణం వెంట్రుకవాసి తప్పితే, వేలు పెట్టకుండానే పేలే రైఫిల్ తయారవుతుంది.

మార్చడానికి పది నిమిషాలు చాలు. తూటాల మ్యాగజైన్ తీసి, గొట్టం వెనక భాగాన్ని మూసే బోల్ట్‌ను వెనక్కి లాగి, తూటా కూర్చునే ఛాంబర్‌ను కంటితో చూసి, చిటికెన వేలు పెట్టి కూడా తడిమి చూశాను. కట్టె మర విప్పాక సేఫ్టీ బటన్‌ను సరిగ్గా మధ్యలో ఉంచితేనే రైఫిల్ పైకి వస్తుంది. ఒక వైపుకు నొక్కి ఉంటే కట్టెకు తట్టుకుంటుంది. తరువాత అడ్డంగా ఉన్న రెండు పిన్నులు తోస్తే పాత పెట్టె చేతిలోకి వస్తుంది. ఆ పిన్నులు ఎంత వదులంటే, రైఫిల్‌ను పక్కకు వంచితే వాటంతటవే జారిపడతాయి. తెల్లటి బట్ట పరుచుకోకపోవడం నా తప్పు. కొత్త పెట్టెను హామర్ వెనక్కి ఎక్కించి ఉంచి అమరిస్తే ఇబ్బంది లేకుండా కూర్చుంటుంది.

బిగించాక తూటా ముట్టుకోకముందే మూడు పరీక్షలు చేశాను. సేఫ్టీ వేసి గట్టిగా లాగాను, హామర్ పడలేదు. సేఫ్టీ తీసి, ట్రిగ్గర్ లాగి, వదలకుండా అలాగే పట్టుకుని బోల్ట్‌ను వెనక్కి లాగి వదిలాను. హామర్ పైనే ఆగింది, ట్రిగ్గర్ వదలగానే టక్కుమని చప్పుడు వచ్చింది. డిస్కనెక్టర్ తన పని చేస్తున్నదని దీని అర్థం. ఒక్కసారి లాగితే ఒక్క తూటాయే వెళ్లేలా చూసేది ఆ భాగమే. చివరగా, ఖాళీ రైఫిల్‌నే హామర్ ఎక్కించి, మందపాటి రబ్బరు చాప మీద దాని మడమను (భుజానికి ఆనే కొసను) నాలుగైదు సార్లు గట్టిగా కొట్టాను. హామర్ కదలలేదు. తేలిక ట్రిగ్గర్‌కు ఈ మూడో పరీక్ష తప్పనిసరి.

ఈ ట్రిగ్గర్ 2.5 నుంచి 3 పౌండ్ల మధ్య తెగుతుందని కంపెనీ మాట. నా త్రాసు మీద పది సార్ల సగటు 2.8, అంటే 1.3 కిలోల లోపే. కనిష్ఠం 2.7, గరిష్ఠం 2.9. ఈ రెండు అంకెల మధ్య దూరమే అసలు సంగతి అని నాకు అనిపించింది. గరగర పూర్తిగా పోలేదు కానీ కొద్దిపాటి కదలిక తరువాత ఎండుపుల్ల విరిగినట్టు తెగుతుంది. రీసెట్ దూరం కూడా తగ్గింది. తూటా వెళ్లాక వేలిని ఎంతవరకు ముందుకు వదలాలో చెవికి, వేలికి స్పష్టంగా తెలుస్తుంది.

బల్ల మీద 24, కూర్చుని 64. ఇంకేం, ట్రిగ్గర్ మారిస్తే కూర్చుని కాల్చినప్పటి చెదురులో దాదాపు మూడో వంతు మాయం అని ఇక్కడితో పుస్తకం మూసేయవచ్చు. చాలామంది మూసేది ఇక్కడే.

ఏడు, ఎనిమిది వారాలు

అనుమానం వదలక పాత ట్రిగ్గర్‌ను మళ్లీ బిగించాను. ఎందుకంటే ఈ ఆరు వారాల్లో రోజూ రాత్రి ఇరవై నిమిషాలు తూటా లేకుండా సాధన చేస్తున్నాను. 10/22కు ఖాళీ ఛాంబర్ మీద హామర్ పడితే నష్టం లేదని కంపెనీ పుస్తకంలోనే ఉంది. అన్ని .22 రైఫిళ్లకూ ఇది వర్తించదు. కొన్నింటిలో పిన్ను ఛాంబర్ అంచును కొట్టి నొక్కు పెడుతుంది. తూటాలు వేరే గదిలో ఉంటాయి, గోడ మీద చుక్క ఉంటుంది, ప్రతిసారీ బోల్ట్ లాగి హామర్ ఎక్కించుకోవాలి.

పాత ట్రిగ్గర్‌తో ఈసారి బల్ల మీద 27, కూర్చుని 75.

మొదట్లో 92 వచ్చిన ట్రిగ్గరే ఇది. లోపల ఒక్క మర కూడా మారలేదు. మారింది వేలే. 92 నుంచి 64కు తగ్గిన 28 మిల్లీమీటర్లలో 17 సాధన వల్ల వచ్చాయి, 11 మాత్రమే కొన్న వస్తువు వల్ల. ఆడలేక మద్దెల ఓడన్న సామెత నా మీదే చెప్పుకోవాల్సి వచ్చింది, పూర్తిగా కాకపోయినా సగానికి పైగా. బల్ల మీది మూడు మిల్లీమీటర్ల తేడాను నేను లెక్కలోకి తీసుకోను. ఒకే రోజు, ఒకే ట్రిగ్గర్‌తో 19 వచ్చిన గ్రూపూ ఉంది, 38 వచ్చినదీ ఉంది. పది గ్రూపుల సగటుతో అంత చిన్న తేడాను తేల్చలేం. ఇసుక సంచుల మీద రైఫిల్ దానంతటదే నిలకడగా ఉంటుంది కాబట్టి బరువైన ట్రిగ్గర్ చేసే హాని అక్కడ పెద్దగా కనబడదు. శరీరమే సంచి అయినప్పుడు కనబడుతుంది.

తొమ్మిదో వారం

ఒక స్నేహితుడి ఏఆర్-15 చూసే అవకాశం వచ్చింది. ఆ రైఫిల్‌కు మామూలుగా వచ్చే సైనిక ప్రమాణం ట్రిగ్గర్ సాధారణంగా 5.5 పౌండ్లు, ఆపైన ఉంటుంది. అతను దాని స్థానంలో గైస్లీ కంపెనీ ఎస్‌ఎస్‌ఏ ట్రిగ్గర్ వేసుకున్నాడు. అది రెండు దశల ట్రిగ్గర్. మొదటి దశలో 2.5 పౌండ్ల బరువు మెత్తగా వెనక్కి వస్తుంది, ఒక గోడకు తగిలినట్టు ఆగుతుంది. మరో 2 పౌండ్లు పెడితే తెగుతుంది. మొత్తం 4.5. ఈ అంకె ఊరికే వచ్చింది కాదు. అమెరికాలో సివిలియన్ మార్క్స్‌మన్‌షిప్ ప్రోగ్రామ్ నడిపే సర్వీస్ రైఫిల్ (సైన్యం వాడే తరహా రైఫిళ్ల) పోటీల్లో ఏఆర్ రకం రైఫిల్ ట్రిగ్గర్ 4.5 పౌండ్ల కన్నా తేలికగా ఉండకూడదు.

త్రాసు ప్రకారం అది నా బీఎక్స్ కన్నా బరువైనది. వేలికి మాత్రం తేలికగా తోచింది. చివరి క్షణంలో కలపాల్సింది రెండు పౌండ్లే కదా. ఆ రైఫిల్ కూడా నా దానికన్నా బరువైనది కాబట్టి ఆ బలానికి అంతగా కదలదు. ట్రిగ్గర్ బరువును రైఫిల్ బరువు పక్కన పెట్టి చదవాలన్న ఆలోచన నాకు అక్కడ మరింత బలపడింది. పెట్టె మీది ఒక్క అంకెతో రెండు రకాలను పోల్చడం కుదరదు.

పదో, పదకొండో వారాలు

బీఎక్స్ మళ్లీ రైఫిల్‌లోకి వచ్చింది. కూర్చుని కాల్చిన పది గ్రూపుల సగటు 62. మొదటిసారి 64 వచ్చింది కనుక సాధన వల్ల వచ్చే లాభం ఈ భంగిమలో దాదాపు ఆగిపోయినట్టుంది. బీఎక్స్‌ను ఇక తీయను. చలికాలంలో మందపాటి చేతి తొడుగులు వేసుకున్న రోజు మాత్రం దీన్ని వాడను. తొడుగు అంచు ట్రిగ్గర్‌కు తగిలినా తెలియనంత తేలిక ఇది.

పాత పెట్టెను నూనె గుడ్డలో చుట్టి సొరుగులో పెట్టాను. రేపు ఎవరైనా ట్రిగ్గర్ మార్చనా అని అడిగితే, ముందు నెల రోజులు ఉన్నదానితో ఖాళీగా సాధన చేసి, అప్పుడు కొలవమని చెబుతాను. వినరని తెలుసు, నేనూ వినలేదు.

ఇక నిలబడి కాల్చడం మొదలుపెట్టాను. తొలి ఐదు తూటాల్లో ఒకటి కాగితం మీదే లేదు.