న్యాంగ్‌న్యాంగ్ ఇంటి రోలు

గోడౌన్ షట్టర్ పైకి లేపగానే ఘాటు గుప్పున కొట్టింది. పక్కనున్న చైనా కుర్రాడు మాస్కు సర్దుకున్నాడు. నేను మాత్రం అలాగే నిలబడి గట్టిగా ఊపిరి పీల్చాను. మూడు రోజులుగా భాష తెలియక, తిండి పడక తిరుగుతున్నవాడికి ఒక్కసారిగా ఖమ్మం మిర్చి యార్డులో ఉన్నట్టు అనిపించింది. ఎదురుగా వరుసలుగా పేర్చిన టిక్కీల (మిర్చి బస్తాల) నిండా మన తేజ రకమే.

2018 సెప్టెంబరులో హైదరాబాద్‌లో విమానం ఎక్కి, హాంగ్‌కాంగ్‌లో మారి, నైరుతి చైనాలోని గ్వేజౌ రాష్ట్ర రాజధాని గ్వేయాంగ్‌లో దిగాను. అక్కణ్ణించి జున్‌యీకి హైస్పీడ్ రైల్లో గంట కూడా పట్టలేదు. ఆ లైను ఆ ఏడాది జనవరిలోనే మొదలైంది. దారంతా సొరంగాలే. ఒక లోయ కనబడి, అదేంటో చూసేలోపే మళ్ళీ చీకటి. జున్‌యీ నుంచి కారులో తూర్పుగా ఇంకాస్త దూరం పోతే షియాజి. చైనావాళ్ళకి జున్‌యీ అంటే 1935 జనవరిలో మావో నాయకత్వానికి దారి వేసిన సమావేశం. మిర్చి వ్యాపారులకి మాత్రం జున్‌యీ అంటే షియాజి మార్కెట్టే. చైనాలో ఎండుమిర్చికి పెద్ద కూడళ్ళలో అదొకటి. మన సరుకు దిగుమతి చేసుకునే ఒక కంపెనీ తరఫున, వచ్చిన కాయ నాణ్యత చూడటం నా పని. పదిహేను నెలలు చేశాను.

మా నాన్న మిర్చి రైతు. సొంతంగా మూడెకరాలు, కౌలుకి నాలుగు. మా కాయ చైనా పోతుందని చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నాను. యార్డులో రేటు పడినప్పుడల్లా "చైనా ఆర్డర్లు లేవంట" అనే మాట చెవిన పడేది. ఆ చైనా ఎలా ఉంటుందో, ఆ కాయ ఎవరు తింటారో మాకెవరికీ తెలియదు. నేను వెళ్ళడానికి జీతం ఒక కారణమైతే, ఇది రెండోది.

అక్కడా మిర్చి పండుతుంది. జున్‌యీ చుట్టుపక్కల కాసేదాన్ని 'చావ్‌థ్యెన్‌జ్యావ్' అంటారు. ఆకాశంవైపు చూసే మిరప అని అర్థం. నిజంగానే కాయలు కొమ్మ మీద పైకి నిక్కి ఉంటాయి. వాసన కమ్మగా ఉంటుంది, కారం మన తేజ అంత ఉండదు. అందుకే వాసనకి వాళ్ళ కాయ, మంటకి మన కాయ కలుపుతారు. వాళ్ళ కోతలు ఆగస్టు నుంచి అక్టోబరు దాకా, మనవి జనవరి తర్వాత. కాయ ఆరబెట్టడమే అక్కడ పెద్ద కష్టం. గ్వేజౌ గురించి ఒక పాత సామెత ఉంది: వరసగా మూడు రోజులు ఎండ కాయదు, మూడు 'లీ'ల (ఒక లీ అంటే అర కిలోమీటరు) మేర చదును నేల ఉండదు, మనిషి దగ్గర మూడు పిసరుల వెండి ఉండదు. మొదటి రెండూ నేనున్నన్నాళ్ళూ చూశాను. వారాల తరబడి సన్నటి జల్లు. మనలా కల్లంలో పోసి ఎండకి వదిలేస్తే కుదరదు. కొలిమి గదుల్లో పెట్టి ఆరబెట్టాలి. కల్లంలో రాత్రి కాపలా పడుకున్నవాణ్ణి నేను. ఎండ అంటే ఎంత డబ్బో అక్కడికి పోయాకే తెలిసింది.

మూడో మాట, ఆ వెండి సంగతి, అప్పుడు మారుతోంది. పేదరికం నుంచి బయటపడాలనే నినాదాలు ప్రతి గోడ మీదా ఎర్రటి అక్షరాలతో కనిపించేవి. పేద కుటుంబంగా నమోదైన ఇంటి తలుపు పక్కన ఒక పలక ఉండేది. ఆ ఇంటి బాధ్యత ఏ అధికారిదో, అతని ఫోటో, ఫోన్ నంబరుతో సహా. కొండ మీద నాలుగిళ్ళున్న చోటికి కూడా సిమెంటు రోడ్డు వేశారు. సంతలో ఆకుకూరలమ్మే ముసలమ్మ కూడా క్యూఆర్ కోడ్ కాగితాన్ని మెడలో వేసుకుని కూర్చునేది. అంత మంచి రోడ్డు మీద పగలు నడుస్తుంటే కనిపించేది మాత్రం ముసలివాళ్ళు, చిన్నపిల్లలే. మధ్య వయసువాళ్ళంతా గ్వాంగ్‌డాంగ్, జెజియాంగ్ ఫ్యాక్టరీల్లో ఉన్నారు. ఆ రోడ్డు మీదే వెళ్ళిపోయారు. అది చూసిన ప్రతిసారీ నాకు మనసు బరువెక్కేది, ఎందుకంటే నేనూ అలా వచ్చినవాణ్ణే.

నేను అద్దెకున్న ఇల్లు టౌను అంచున, పొలాల్లో ఉంది. ఇంటావిడకి 68 ఏళ్ళు. అందరూ 'న్యాంగ్‌న్యాంగ్' అని పిలిచేవారు. ఆ ప్రాంతంలో అత్తనో పిన్నినో పిలిచే పిలుపది. నేనూ అలాగే పిలిచాను. కొడుకూ కోడలూ గ్వాంగ్‌డాంగ్‌లో. ఏడేళ్ళ మనవడు ఆమె దగ్గర ఉండి చదువుకుంటున్నాడు. హైదరాబాద్‌లో ఆరు నెలలు నేర్చుకున్న చైనా భాష ఆమె ముందు ఒక్క రోజు కూడా పనికి రాలేదు. ఆమె మాట్లాడేది ఆ ఊరి యాస. 'సరే' అనడానికి 'యావ్‌దె' అంటారని ఆ పిల్లాడే నాకు నేర్పాడు. పొద్దున కనిపిస్తే పలకరింపు "అన్నం తిన్నావా?" అని. బయటికి వెళ్తుంటే "నిదానంగా వెళ్ళు". ఈ రెండు మాటలూ అర్థమైన రోజున ఆ ఇంట్లో నాకు కొత్త పోయింది.

ఒక సాయంత్రం పొలం గురించి అడిగింది. వాళ్ళు భూమిని 'మూ'ల్లో లెక్కేస్తారు, మన ఎకరానికి సుమారు ఆరు మూలు. ఆమెకున్నది నాలుగు మూలు. అదీ అమ్ముకోవడానికి లేదు, భూమి ఊరి ఉమ్మడిది, సాగు హక్కే కుటుంబానిది. మాకు సొంతంగా పద్దెనిమిది మూలని చెబితే "భూస్వాములా!" అని నోరు తెరిచింది. అప్పుడు చెప్పాను: విత్తనాలకి అప్పు, పురుగుమందులకి అప్పు, బొబ్బర తెగులు వస్తే ఆ ఏడు పోయినట్టే, కౌలు మాత్రం కట్టాల్సిందే. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత లేచి నా గిన్నెలో ఇంకొంచెం అన్నం పెట్టింది.

పనిలో నన్ను బాగా కుంగదీసింది ఒక్కటే. 2019 ఏప్రిల్‌లో వచ్చిన ఒక కంటైనర్ తెరిస్తే లోపలి టిక్కీలు బూజు పట్టి ఉన్నాయి. మనవైపు ఎవరో తూకం పెరగాలని నీళ్ళు చల్లారు. ఓడలో వారాలపాటు మగ్గి పాడైంది. గోడౌన్‌లో కత్తెరలతో తొడిమలు కత్తిరించే ఆడవాళ్ళు ఒక్కో కాయ చీల్చి లోపలి నలుపు చూపిస్తుంటే తల ఎత్తలేకపోయాను. వాళ్ళకి కూలి చేసిన తూకాన్ని బట్టి. ఏరి పక్కన పెట్టిన కాయకి డబ్బు రాదు. మా ఊళ్ళో తొడిమలు తుంచే ఆడవాళ్ళకీ అంతే. మనవైపు ఒకరు చేసిన మోసానికి ఆ గోడౌన్ ఆడవాళ్ళ రోజు కూలి పోయింది. తాలు కలిపితే ఏమవుతుందిలే, తడి ఉంటే ఏమవుతుందిలే అనేవాళ్ళని ఒక్కసారి ఆ గోడౌన్‌లో నిలబెట్టాలని ఇప్పటికీ అనిపిస్తుంది.

తిండి సంగతి. చేపల వాసన కొట్టే ఒక వేరుని పచ్చిగా తరిగి ప్రతిదాంట్లో వేస్తారు. దాని జోలికి నేను పోలేదు. మిగతాదంతా అలవాటైంది. సిచువాన్ వాళ్ళు కారానికి భయపడరు, గ్వేజౌ వాళ్ళకి కారం లేకపోతేనే భయం అని అక్కడ చెప్పుకుంటారు. ఆ కారం వెనక కథ ఒకటుంది. గ్వేజౌలో అప్పట్లో ఉప్పు దొరికేది కాదు, సిచువాన్ నుంచి కూలీలు వీపుల మీద మోసుకొచ్చేవారు. పేదవాళ్ళకి అందేది కాదు. అందుకని ఉప్పుకి బదులు మిరపకాయ వేసుకునేవారని 18వ శతాబ్దం తొలినాళ్ళ రాతల్లోనే ఉంది. మిరప వాళ్ళకీ మనకీ సముద్రం మీదుగా వచ్చిందే. పచ్చిమిరపకాయ, ఉల్లిపాయతో గంజన్నం తిని పొలం వెళ్ళిన మా తాత ఆ మాట వింటే చప్పున అర్థం చేసుకునేవాడు.

2019లో వాళ్ళ కొత్త సంవత్సరం ఫిబ్రవరి 5న వచ్చింది. కొడుకూ కోడలూ ముందురోజు వచ్చారు. చలి ఎముకల్లోకి దిగేది. మధ్యలో పొయ్యి ఉన్న బల్ల చుట్టూ అందరం కూర్చుని, దాని మీద పరిచిన మందపాటి దుప్పటి కాళ్ళ మీదికి లాక్కుని తిన్నాం. వాళ్ళున్నది ఐదు రోజులే. వెళ్ళే ముందురోజు పొద్దున్నే రోకలి చప్పుడుకి మెలకువ వచ్చింది.

వాకిట్లో రాతి రోలు ముందు న్యాంగ్‌న్యాంగ్ కూర్చుంది. ఎండుమిరపకాయలు వేడినీళ్ళలో నానబెట్టి, నీళ్ళు వార్చి, అల్లం, వెల్లుల్లి వేసి దంచుతోంది. గింజలు చిందకుండా ఎడమ అరచేయి రోలుకి అడ్డం పెట్టి, ప్రతి నాలుగు పోట్లకీ వేళ్ళతో ముద్దని మధ్యకి తోస్తోంది. ముద్ద బంకలా సాగాలి. చేతులు మండితే మా అమ్మ కొబ్బరినూనె రాసుకుంటుంది. ఈమె జొన్న సారాతో కడుక్కుంది. కొడుకు కారు డిక్కీలోకి పొగబెట్టిన పంది మాంసం, ఊకలో పేర్చిన గుడ్లు, మూడు సీసాల కారం. పిల్లాడు ఆ పొద్దంతా తండ్రి వెనకే తిరిగాడు.

"మీ అమ్మ నీకేం కట్టి పంపింది?" అని న్యాంగ్‌న్యాంగ్ నన్ను అడిగింది. ఆవకాయ సీసా నవంబరులోనే అయిపోయిందని చెప్పాను.

వాట్సాప్ అక్కడ పనిచేయదు కాబట్టి అమ్మ ఫోన్‌లో వీచాట్ పెట్టించి వచ్చాను. అప్పుడే కాల్ చేశాను. వెనకాల చప్పుడు విని, "ఏరా, రోలా అది? చూపించు" అంది. ఫోన్ తిప్పాను. న్యాంగ్‌న్యాంగ్ తడి చేయి ముందు కట్టుకున్న గుడ్డకి తుడుచుకుని, ముద్ద కొంచెం వేలితో తీసి తెరకి దగ్గరగా పెట్టింది.

"నానబెట్టిన కాయ బూజు పట్టదూ? అడుగు."

అడిగాను. నూనెలో వేయించి సీసాకెత్తుతాం, పట్టదు అంది.

"ఎంత నూనె?" అడిగింది అమ్మ.