పాతవి గతించెను సరే, బాకీల సంగతేమి?

సువార్త సభల సీజన్ వస్తే చాలు మన కడప జిల్లాలో ఏ సర్కిల్ చూసినా ఫ్లెక్సీలే, "ఒకప్పటి ఫ్యాక్షనిస్టు, నేటి దైవజనుడు" అని, ఒకపక్క వేటకొడవలి బొమ్మ ఇంకోపక్క బైబిల్ బొమ్మ. మారినందుకు దేవునికి స్తోత్రం. కత్తి పట్టినోళ్ళు వాక్యం పట్టుకున్నది మన సీమలో నిజంగానే జరిగింది, నేను కాదనను. కానీ ఆ అన్న స్టేజీ ఎక్కి ఎవర్ని ఎట్ల వెంటాడినాడో బాంబులు ఎట్ల చుట్టినాడో అంతసేపు ఉషారుగా చెప్పి, ఆఖర్న గబగబా యేసయ్య గురించి నాలుగు మాటలు చెప్పి దిగుతాడు, జనం హల్లెలూయ అని చప్పట్లు. ఆ మైకులు ఎంత దూరం వినపడతాయో మీకు తెలుసు కదా. పక్క ఊర్లో ఆ గొడవల్లోనే మొగుణ్ణి పోగొట్టుకున్న ఆడమనిషి ఇంట్లోకి కూడా ఆ మాటలు పోతాయి. ఆయమ్మ గురించి ఎవరన్నా ఆలోచన చేసినారా?

ఈ మాట అడిగితే వెంటనే రెండో కొరింథీ 5:17 తీస్తారు, "పాతవి గతించెను, ఇదిగో క్రొత్తవాయెను". ఆమెన్, ఆ వచనం పట్టుకునే నేనూ బతుకుతున్నా. అయితే అది క్రీస్తునందున్న ప్రతివానికీ రాసిన మాట, పుల్పిట్ ఎక్కడానికి ఇచ్చిన పాసు కాదు. రక్షణకి అర్హత అక్కర్లేదు, కాపరి పనికి, అంటే పాస్టరు పనికి, కావాల. ఈ రెండూ కలిపేస్తున్నాం, తంటా అంతా ఆడనే.

సంఘ కాపరి ఎట్లుండాలో చెప్పే మొదటి తిమోతి 3వ అధ్యాయం తీస్తే అందరూ "ఏకపత్నీ పురుషుడు" దగ్గర ఆగి వాదులాడుకుంటారు. 7వ వచనం దాకా వచ్చేవాళ్ళు తక్కువ. "సంఘమునకు వెలుపటివారిచేత మంచి సాక్ష్యము పొందినవాడై యుండవలెను". చూడండి, సాక్ష్యం ఎవరిని అడగమన్నాడో. బిషప్పుగారిని కాదు, సెమినరీ ప్రిన్సిపాల్‌ని కాదు. ప్రభువుని ఎరగనోళ్ళని. అంగడాయన్ని, ఆటోస్టాండు పిల్లోళ్ళని, ఇల్లు బాడుగకిచ్చిన సాయిబుని. ఇది రాసిందెవరు? అదే పత్రికలో 1:13లో "పూర్వము దూషకుడను హింసకుడను హానికరుడనైన నన్ను" అని తన గతం తానే చెప్పుకున్న పౌలు, ఒకప్పుడు సంఘాన్ని హింసించినోడు. "పాతవి గతించెను" అన్నది కూడా ఈయనే. దమస్కు దారిలో ప్రభువు కనపడినాక 3 ఏండ్లకి గానీ యెరూషలేము పోలేదు, పోయినా శిష్యులు నమ్మక భయపడినారు, బర్నబా చేయిపట్టి తీసుకుపోయి చెప్పాల్సి వచ్చింది. "నేను నూతన సృష్టిని, నన్నే అనుమానిస్తారా" అని ఆయన అలగలేదు.

నాకు అన్నిటికన్నా ఇష్టం ఫిలేమోను పత్రిక. ఒకే పేజీ, అందుకే ఎవరూ దానిమీద ప్రసంగం చెయ్యరు. ఒనేసిము దాసుడు, యజమాని ఫిలేమోనుకి నష్టం చేసి పారిపోయినాడని పెద్దలు చెప్తారు, జైల్లో పౌలు దగ్గర మారుమనస్సు పొందినాడు. పౌలు ఏం చేసినాడు? సాక్ష్యం చెప్పమని ఊరూరా తిప్పలేదు. ముందు ఆ ఇంటికే తిరిగి పంపినాడు. పంపుతా "నీకు ఏమైన ఋణమున్నయెడల అది నా లెక్కలో చేర్చుము... అది నేనే తీర్తును" అని సొంత చేత్తో రాసినాడు. అంటే క్షమాపణ అయిపోయినా లెక్క అట్లే ఉండాది! ఒనేసిము ఇప్పుడు ప్రియ సహోదరుడే, ఆ మాటా అందులోనే ఉంది, కానీ ఫిలేమోనుకి పోయింది పోయిందే, దాన్ని ఎవరో ఒకరు కట్టాల. పౌలు తాను కడతానన్నాడు. మన సిలువ అంతా ఆ ఒక్క లైన్లో కనపడతాది నాకు, చదివినప్పుడల్లా గొంతు పట్టుకుంటాది. సుంకం వసూలు చేసే జక్కయ్య కూడా అంతే, అన్యాయంగా తీసుకున్నదేమైనా ఉంటే రక్షణ ఇంటికి వచ్చిన రోజే నాలుగంతలు తిరిగిస్తానన్నాడు.

మా చిన్నప్పుడు మా చర్చి పాస్టరు అయ్యగారు ఇట్లాంటి మనిషే. రక్షణకి ముందు మట్కా చీటీలు రాసేవాడు. మారినాక చానా ఏండ్లు ప్రొద్దుటూరులో హమాలీ పని చేసి, తనవల్ల మునిగినోళ్ళ ఇండ్లకి వారం వారం పోయి కొంచెం కొంచెం కట్టినాడంట. స్టేజీ మీద ఆయన ఈ సంగతి ఎప్పుడూ చెప్పలేదు. మాకు చెప్పింది కిరాణా అంగడి సాయిబు, పాత ఖాతా బుక్కు తీసి, ఎర్ర ఇంకుతో కొట్టేసిన పేజీ చూపిచ్చి, "మీ అయ్యవారిది ఇది, నేను వద్దన్నా ఇచ్చినాడు" అన్నాడు. 7వ వచనం అంటే నాకు ఆ పేజీనే.

ఇంక అయ్యగారు అయినాక తప్పు చేసేవాళ్ళు వేరే, వాళ్ళకి అదే మొదటి తిమోతి 5:20 ఉంది, అందరి ఎదుట గద్దింపు. ఊరికే పుకార్లు పట్టుకుని కాదు, ఇద్దరు ముగ్గురు సాక్షులు ఉండాలని పై వచనంలోనే ఉంది. దానికి అడ్డంగా "నేను అభిషేకించినవారిని ముట్టకూడదు" అని 105వ కీర్తన చదువుతారు చూడండి, నాకు వళ్ళు మండుతాది. ఆ కీర్తన చెప్పేది అబ్రాహాము వాళ్ళ సంగతి. అబ్రాహాము శారాను చెల్లెలని చెప్పి మోసం చేసినప్పుడు బయటోడైన గెరారు రాజు అబీమెలెకు నిలదీసి "చేయరాని కార్యములు నాకు చేసితివి" అన్నాడు, దేవుడు ఆ గద్దింపును ఆదికాండము 20లో అట్లే రాయించి పెట్టినాడు, చెరిపేయలేదు. ప్రవక్తయిన అబ్రాహామును అబీమెలెకు ముట్టలేదు సరే, ప్రశ్న మాత్రం అడిగినాడు కదా.

కాబట్టి కమిటీ పెద్దలారా, అన్నలారా, "త్వరపడి యెవనిమీదనైనను హస్తనిక్షేపణ చేయకుము" అని మొదటి తిమోతి 5:22లో ఉంది, అంటే చేతులుంచి ఎవర్నీ సేవకి నియమించేదానికి తొందరపడొద్దండి. సర్టిఫికెట్ల జెరాక్సులు చూసింది చాలు, ఆయన ముందు బతికిన ఊరికి బస్సెక్కి పోండి. విశ్వాసుల్ని కాదు, బయటోళ్ళని అడగండి. పేరు చెప్పంగానే వాళ్ళ మొహం చూడండి. మంచి మాట రాకపోతే ఆయన్ని పారేయొద్దు, ప్రభువు పారేయలేదు. మన పక్కన చాపమీద కూర్చోబెట్టుకోండి, ప్రభువు బల్లలో, ఆ రొట్టె ద్రాక్షరసంలో, చేయి వేయనీండి, ఎవరికేమి కట్టాలో కట్టుకోనీండి, చేతనైతే మనమూ కొంచెం వేసుకుందాం. మైకు మాత్రం ఇప్పుడే ఇవ్వొద్దు.