ముసలి కుక్క ఉన్న ఇంటికి ఇంకో కుక్క: నా అనుభవం

మా విజయనగరంలో ఇంటి కుక్కకి గేటు నుంచి పెరటిగోడ దాకా అంతా తనదే. వరండా మెట్టు, అన్నం గిన్నె, మన మంచం పక్కన చోటు, వీటిని ఏళ్ళ తరబడి కాసుకున్న కుక్క ఇంకోదాన్ని ఒక్కసారిగా ఒప్పుకోదు. తొమ్మిదేళ్ళ మగకుక్క ఉన్న ఇంట్లో రెండేళ్ళ ఆడకుక్కని కుదురుగా ఉంచడానికి నేను పాటించిన పద్ధతి ఇది. రెండూ స్నేహం చెయ్యాలని నేను పట్టు పట్టలేదు. ఒకటి పక్కనుంచి నడిచి వెళ్తే రెండోది తల ఎత్తకుండా పడుకోగలగాలి, అంతే.

ముందు పశువుల డాక్టరుకి చూపించాలి. వయసు మీద పడ్డాక పెరిగిన కోపం వెనక చాలాసార్లు నొప్పి ఉంటుంది. తుంటి కీళ్ళు అరిగిన కుక్క లేచి పక్కకి తప్పుకోలేదు కాబట్టి ఎదుటిదాన్నే తప్పుకోమని గుర్రుమంటుంది. కంట్లో శుక్లాలున్నా, చెవి మందగించినా, రెండో కుక్క మీదకొచ్చేదాకా తెలియక ఉలిక్కిపడి కరుస్తుంది. పుచ్చిన పన్ను, చెవిలో చీము కూడా చూడమని అడగండి. ఇంట్లో ఉన్న నొప్పి మాత్ర మాత్రం వెయ్యొద్దు. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి కుక్కల కడుపులో పుండ్లు చేసి కిడ్నీలు పాడుచేస్తాయి. కుక్కలకి వేరే మందులున్నాయి, బరువు చూసి రాస్తారు.

కొత్తదాన్ని రెండు వారాలు వేరే గదిలో ఉంచాలి. పార్వో, డిస్టెంపర్ లాంటి కుక్కల అంటురోగాలు ఉంటే చాలావరకు ఈలోపే బయటపడతాయి. టీకాలు, నట్టల మందు, పిడుదుల మందు ఇప్పుడే అయిపోవాలి, పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ కాకపోతే అదీ మాట్లాడుకోవాలి. వాసన పరిచయానికీ ఇదే సమయం. కొత్తది పడుకున్న గోనెపట్టాని ముసలిదాని గిన్నెకి ఆరేడు అడుగుల దూరంలో పరిచి అన్నం పెట్టాలి. మామూలుగా తింటే మర్నాడు కొంచెం దగ్గరికి జరపాలి, తినడం ఆపితే వెనక్కి జరపాలి.

అసలు పని బయట జరుగుతుంది. ఇంటి ముందు, వీధి చివర పనికిరావు, అవీ దాని లెక్కలో సొంత జాగాలే. ఊరి బయట కొత్తగా వేసిన లేఅవుట్ల రోడ్లు దీనికి బాగుంటాయి. వెడల్పుగా ఉంటాయి, ఇళ్ళు లేవు కాబట్టి వీధికుక్కలూ తక్కువ. వేసవిలో పొద్దున్న ఆరున్నరలోపు ముగించాలి. అరచేతి వెనక భాగం అయిదు సెకన్లు రోడ్డు మీద ఆనించలేకపోతే కుక్క పాదాలకీ అది ఎక్కువే.

ఒక్కో కుక్కకి ఒక్కో మనిషి ఉండాలి. రెండూ ఒకే దిక్కుకి, మధ్య పదిహేను ఇరవై మీటర్ల దూరంతో నడవాలి. ఎదురెదురుగా ఎప్పుడూ తేవద్దు, కుక్కల్లో సూటిగా ఎదురు రావడం తగువుకి పిలుపే. ఉప్పుకారాలు, ఉల్లిపాయ లేకుండా ఉడికించి, ఎముక తీసేసి, శనగగింజంత చేసిన కోడిమాంసం జేబులో ఉండాలి. ముసలిది కొత్తదాన్ని చూసి, మళ్ళీ మన వైపు తిరిగిన క్షణంలో ఒక ముక్క. ఎప్పుడూ ఎగబడి తినే కుక్క మాంసం వద్దంటే దూరం చాలలేదని అర్థం. నోరు బిగించడం, చూపు తిప్పకపోవడం, తోక నిటారుగా లేచి కొస మాత్రం సన్నగా అదరడం, ఇవి మొరుగుడు కంటే ముందొస్తాయి. అప్పుడే పక్కకి మళ్ళించాలి. గొలుసు బిగించి లాగితే గొడవ పెరుగుతుంది, ఎందుకంటే మెడ మీది ఒత్తిడిని అది ఎదుటి కుక్కతోనే ముడిపెట్టుకుంటుంది. అందుకే ఛాతీ పట్టీ, ఆరడుగుల తాడు వాడాలి. పది పదిహేను నిమిషాలు చాలు. దూరం మూడు నాలుగు మీటర్లకి తగ్గినా రెండూ నేల వాసన చూసుకుంటూ నడుస్తుంటే, వెనకనుంచి మూడు సెకన్లు వాసన చూడనిచ్చి పిలిచెయ్యాలి.

ఒకసారి గొడవైతే రెండు మూడు రోజులు పూర్తి విరామం ఇవ్వండి, ఒంట్లోని ఉద్రేకం గంటలో దిగిపోదు. దీపావళి టపాసులప్పుడు, పైడితల్లమ్మ సిరిమానోత్సవం జనం ఊరు నిండినప్పుడు పరిచయంలో కొత్త మెట్టు ఎక్కించొద్దు.

ఇంట్లోకి తెచ్చే రోజు గిన్నెలు, బంతులు, ఎముకలు అన్నీ తీసెయ్యాలి. ముసలిది బయట నడుస్తుండగానే కొత్తదాన్ని పెరట్లోకి పంపి, తర్వాత ముసలిదాన్ని తేవాలి, గేటు దగ్గర ఎదురు పడనివ్వకూడదు. మొదటి వారాలు మధ్యలో గ్రిల్ తలుపు ఉండాలి. తర్వాత కలిపి వదిలినా తాడు నేల మీద ఈడుస్తూ ఉండనివ్వాలి. తిండి వేరు గదుల్లో, నీళ్ళ తొట్లు రెండు, పడకలు రెండు.

ఇంటి గొడవలు ఎక్కువగా ఇరుకు చోట్ల, గేటు దగ్గర పుడతాయి. బయట వీధికుక్క మొరిగితే లోపలిది దాన్ని అందుకోలేక పక్కనున్న దాని మీద పడుతుంది. గేటు అడుగున మూడడుగుల ఎత్తు రేకు కొట్టిస్తే చూపు తెగి ఇది చాలా తగ్గుతుంది.

"ఒగ్గేయండి బాబూ, అవే కరుసుకుని సద్దుకుంటాయి" అని పెద్దవాళ్ళు చెబుతారు. ఈ ఒక్క మాట వినకండి. ఓడిన ముసలి కుక్క తర్వాతిసారి ముందే కరుస్తుంది. గుర్రుమన్నందుకు కొట్టడమూ అంతే, గుర్రు పోతుంది, కోపం ఉంటుంది, ఇక హెచ్చరిక లేకుండా పళ్ళు దిగుతాయి. కలబడితే మధ్యలో చెయ్యి పెట్టొద్దు, బకెట్ నీళ్ళు కుమ్మరించాలి, లేదా ప్లాస్టిక్ కుర్చీ అడ్డం తోయాలి. మనకి పన్ను తగిలితే పావుగంట సబ్బు పెట్టి పారే నీళ్ళ కింద కడిగి, కుక్కకి టీకా ఉన్నా సరే అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి.

మా ఇంట్లో ఇప్పుడు రెండూ ఒకే వరండాలో చెరో మూల పడుకుంటాయి. మనుషులు ఎవరూ లేనప్పుడు మాత్రం గ్రిల్ తలుపు వేసే వెళ్తాం.