లాన్‌లో పాచి వదిలించడం: నెల్లూరులో నా అనుభవం

మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. అప్పుడే ఎండ దక్షిణానికి వాలుతుంది, ఇంటికి ఉత్తరాన ఉన్న లాన్ నీడలో నానిపోతుంది. నాకు పాచి పట్టింది అక్కడే, వేపచెట్టు కింద మూలలో.

పాచి గడ్డిని చంపదు. గడ్డి పలచబడిన చోట చేరుతుంది. దానికి వేర్లుండవు, పైన తడి ఉంటే చాలు. అందుకే ఊరికే గీకేస్తే మళ్లీ వస్తుంది. బ్లీచింగ్ పౌడరు మాత్రం చల్లొద్దు, గడ్డి కూడా మాడిపోతుంది.

నేను వాడింది అన్నభేది, అంటే ఇనుము ఉండే ఫెర్రస్ సల్ఫేట్. వేరుశనగ ఆకు పాలిపోతే కొట్టేదే, ఎరువుల కొట్లో దొరుకుతుంది. లేత ఆకుపచ్చగా ఉన్నదే కొనాలి, తుప్పురంగు తిరిగింది పనిచేయదు. వంద చదరపు అడుగులకు 150 గ్రాములు, 10 లీటర్ల నీళ్లు. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే ముందు 10 గ్రాముల నిమ్మఉప్పు కలపాలి, లేకుంటే ఇనుము విరిగి నీళ్లు ఎర్రబడతాయి. ప్లాస్టిక్ బకెట్టే వాడాలి. సాయంత్రం చల్లబడ్డాక, మర్నాడు కూడా వాన పడదనుకున్న రోజు, జల్లు మూతి ఉన్న డబ్బాతో సమంగా పోశాను. టైల్స్ మీద చుక్క పడితే వెంటనే కడగాలి, ఆరితే తుప్పు మరక పోదు. సున్నం దీనితో కలపొద్దు, మందు చెడిపోతుంది.

కొన్ని రోజుల్లో పాచి నల్లబడింది. పూర్తిగా ఎండాక రేక్‌తో లాగేశాను.

అసలు పని ఇక్కడినుంచి. నేల గట్టిపడి నీళ్లు దిగడం లేదు. కమ్మీతో పొడిస్తే బంకమట్టి పక్కలకు నొక్కుకుని ఇంకా బిగుస్తుంది. అరంగుళం పైపు మూతిని ఏటవాలుగా కోయించి, ఐదంగుళాలకొకటి చొప్పున నాలుగంగుళాల లోతు దించాను. మట్టి కడ్డీలుగా బయటికొచ్చింది. ఆ బొక్కల్లో కడిగిన పెన్నా ఇసుక, చివికిన పశువుల ఎరువు సగం సగం నింపాను. మైపాడు వైపు సముద్రపు ఇసుక ఎంత చవకగా వచ్చినా వద్దు, ఉప్పు.

వేప కింది కొమ్మలు కొట్టించాను. గడ్డి రెండంగుళాలకు తక్కువ కోయను, నీళ్లు పొద్దున్నే పెడతాను. అయినా ఎండ తగలని చోట గరిక జాతి గడ్డి నిలవదు. అక్కడ నీడకు ఓర్చుకునే బఫెలో గడ్డి (సెయింట్ అగస్టీన్ రకం) పిలకలు నాటాను.