రక్షణ ఉందని చూపించే కాగితమే నన్ను రోగిని చేసింది

దంత వైద్యశాలలో ఉద్యోగానికి ఎంపికయ్యాక, రక్తం ద్వారా సోకి కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ బి వైరస్‌కు టీకా పూర్తయినట్టు రుజువు చూపించమన్నారు. మిగతా ధ్రువపత్రాలన్నీ ఒక్క పూటలో అయిపోయాయి. ఈ ఒక్క కాగితానికి పది వారాలు పట్టి, నిన్నటితో ముగిసింది.

చదువుకునే రోజుల్లో రెండు డోసులు వేయించుకున్నాను. ఆరో నెలలో తీసుకోవలసిన మూడోది పరీక్షల ఒత్తిడిలో దాటిపోయింది. ఆ తర్వాత ఎవరు అడిగినా వేయించుకున్నాననే చెబుతూ వచ్చాను, అది తప్పన్న స్పృహ కూడా నాకు కలగలేదు. నా తోటివారిలోనూ ఇలాంటివారు కొందరున్నారు. అందుకే దంతవైద్యుల్లో ఎంతమందికి టీకా అందిందో లెక్కించేటప్పుడు మూడో డోసును అడగకుండా వేసే లెక్కను నేను నమ్మను. అదృష్టవశాత్తు, మధ్యలో ఆపినవారు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టనక్కరలేదు. మిగిలిన డోసును భుజానికి వేయించుకుని, రెండు నెలలు ఆగి, టీకాతో ఒంట్లో రక్షణ ఏర్పడిందో లేదో చెప్పే యాంటీబాడీ పరీక్ష చేయించుకున్నాను. మిల్లీలీటరుకు 10 మిల్లీ ఇంటర్నేషనల్ యూనిట్లు ఉంటే రక్షణ ఉన్నట్టే. నాకు 240 వచ్చింది.

ఆ నివేదికలో అంకె పక్కన ‘పాజిటివ్’ అని ముద్రించి ఉంది. కార్యాలయంలో దాన్ని అందుకున్న ఉద్యోగి, నాతో పాటు చేరడానికి వచ్చినవారందరూ వింటుండగానే, “మీకు హెపటైటిస్ పాజిటివ్ వచ్చిందండీ, మీరు పేషెంట్లను చూడటానికి వీల్లేదు” అన్నారు. హెచ్‌బీఎస్ ఏజీ అంటే వైరస్ పైపొరలోని ప్రోటీన్ అనీ, అది కనిపిస్తే జబ్బు ఉన్నట్టనీ, నాకు చేసినది దానికి ఎదురుగా శరీరం తయారుచేసుకునే యాంటీబాడీని కొలిచే యాంటీ హెచ్‌బీఎస్ పరీక్ష అనీ, ఇందులో పాజిటివ్ రావడం కోసమే టీకా వేస్తారనీ ఎంత చెప్పినా ఆయన తల ఎత్తలేదు. నాలుగు రోజులు వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. మొదటి రోజు నా పక్కన కూర్చున్నవారు రెండో రోజు ఎదుటి బెంచీకి మారారు. ఆ మౌనం నన్ను ఎంత కుంగదీసిందో చెప్పలేను. నిజంగా ఆ వైరస్ ఉన్న మనిషినైనా నలుగురి ముందు అలా ప్రకటించే అధికారం ఎవరికీ లేదు. ఐదో రోజు ఇన్‌ఫెక్షన్ నియంత్రణ చూసే వైద్యురాలు ఆ కాగితాన్ని ఒక్క నిమిషం చదివి సంతకం పెట్టారు. ఆ ఉద్యోగి మాత్రం క్షమించమని అనలేదు.

కనుక ఈ పని మీద వెళ్లేవారు హెచ్‌బీఎస్ ఏజీ, యాంటీ హెచ్‌బీఎస్ రెండు పరీక్షలూ ఒకేసారి చేయించుకుని, ఒకే నివేదికలో తీసుకోండి. చివరి డోసు తర్వాత ఒకటి, రెండు నెలల మధ్యే చేయించుకోండి. ఏళ్లు గడిస్తే రక్షణ నిలిచే ఉన్నా అంకె తగ్గిపోవచ్చు, అప్పుడు కార్యాలయాలకు నచ్చజెప్పడం ఇంకా కష్టం.

నన్ను ఇంతగా నిలదీసిన ఆ వైద్యశాల, రక్తం అంటిన పనిముట్లను కడిగే సహాయకురాలిని మాత్రం ఏ కాగితమూ అడగలేదు. టీకా లేనివారికి ఈ వైరస్ ఉన్న రోగి సూది గుచ్చుకుంటే నూటికి 6 నుంచి 30 మందికి సోకే అవకాశముంది. ఎండిన రక్తంలోనూ అది కనీసం 7 రోజులు బతుకుతుంది. ఆ నాలుగు రోజుల్లో నా పక్కకు వచ్చి కూర్చుని, “ఆ సూది మాకూ వేస్తారా డాక్టరమ్మా?” అని అడిగింది ఆమె ఒక్కతే. ఈ ఉదయం దగ్గరుండి ఆమెకు మొదటి డోసు వేయించాను. మిగిలిన రెండింటి తేదీలూ ఆమె కార్డు మీదా, నా డైరీలోనూ రాసుకున్నాను.