ఇమ్యూనిటీ లేదన్నారు

2021 మే, కరోనా రెండో వేవ్‌లో లాక్‌డౌన్ పెట్టిన వారం. టెస్టు, సీటీ స్కాన్, బెడ్డు కోసం ఫోన్లు, ఇవన్నీ ఆ రోజుల్లో హైదరాబాద్‌లో ఇంటింటి కథే. నేను చెప్పాలనుకున్నది నాకు కరోనా వచ్చిన తొమ్మిదో రోజు రాత్రి సంగతి.

ఆరో రోజుకే జ్వరం తగ్గింది. గండం గడిచిందనుకున్నాం. ఎనిమిదో రోజు ఆక్సీమీటర్‌లో రక్తంలో ఆక్సిజన్ 89 శాతం వచ్చింది. నాకు ఆయాసం పెద్దగా లేదు. మిషన్ పాడైందేమోనని మా ఆయన తన వేలికి పెట్టుకుని చూశారు. 98. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లారు.

మర్నాటి రాత్రి ఆక్సిజన్ నిమిషానికి 15 లీటర్లకి పెంచినా 86 దాటలేదు. డ్యూటీ డాక్టర్ నా మంచం పక్కనే నిలబడి నర్సుతో అన్నాడు: "ఈమెకి ఇమ్యూనిటీ లేదు. ఇంట్లో సరిగ్గా తినరు, చివర్లో మన దగ్గరికొస్తారు." నేను వింటూనే ఉన్నాను. పొద్దున కషాయం, మధ్యాహ్నం జింకు బిళ్ళ, రాత్రి పసుపు పాలు, నెలల తరబడి ఒక్కపూట మానలేదు. ఆ మాటకి ఏడుపొచ్చింది. ఏడిస్తే అంకె ఇంకా పడిపోయింది. అర్ధరాత్రి దాటాక పక్క బెడ్డు ఖాళీ అయింది. ఆవిడని తీసుకెళ్లడం నేను చూశాను. ఇప్పటికీ ఆ చక్రాల చప్పుడు వినిపిస్తే గుండె ఆగినట్టవుతుంది.

అప్పుడొచ్చింది సిస్టర్. పీపీఈ కిట్‌లో కళ్ళు తప్ప ఏమీ కనపడలేదు. "అమ్మా, బోర్లా పడుకోండి, నేను పట్టుకుంటా" అంది. గంటకోసారి వచ్చి దిండు సర్ది, వీపు నిమిరి వెళ్లింది. తెల్లారేసరికి 92.

పొద్దున పెద్ద డాక్టర్ గారు రౌండ్స్‌కి వచ్చినప్పుడు మాస్కులోంచే అడిగాను, నాకు ఇమ్యూనిటీ లేదా అని. ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "లేకపోవడం కాదమ్మా, అదుపు తప్పింది. వైరస్ రాగానే కణాలు ఇంటర్‌ఫెరాన్ అనే ప్రొటీన్‌తో పక్కవాటిని హెచ్చరించాలి. జబ్బు ముదిరే చాలామందిలో అది ఆలస్యమవుతుంది. ఈలోపు వైరస్ పెరిగిపోతుంది. ఆ తర్వాత శరీరం ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. ఒంట్లో వాపు, మంట పెంచే ఐఎల్-6 లాంటి రసాయనాలు కుప్పలుగా వదులుతుంది. ఊపిరితిత్తుల గదుల్లో నీరు చేరుతుంది, రక్తం గడ్డకడుతుంది. మీ రక్తపరీక్షలో వాపుని చూపే సీఆర్‌పీ, గడ్డల్ని చూపే డి-డైమర్ పెరిగింది, లింఫోసైట్లనే తెల్లకణాలు తగ్గింది అందుకే" అన్నారు.

నన్ను నిలబెట్టిన మందు డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్. మా ఆయన వైరస్ మీద పనిచేసే రెమ్‌డెసివిర్ ఇంజెక్షన్ కోసం ఊరంతా తిరుగుతుంటే, ఏ మందుల షాపులోనైనా కొద్ది రూపాయలకే దొరికే ఈ మందు నా ఒంట్లో మంట చల్లార్చింది. 2020 జూన్‌లోనే బ్రిటన్‌లో జరిగిన రికవరీ అనే మందుల ట్రయల్‌లో తేలిందట: ఈ మందు వేస్తే వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో మరణాలు మూడోవంతు, ఆక్సిజన్ మీద ఉన్నవాళ్లలో ఐదోవంతు తగ్గాయి. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకి మాత్రం మేలు కనపడలేదు.

మా బంధువు ఒకాయన రెండో రోజే ఇదే మందు వాట్సాప్‌లో రాసి పంపాడు. ఇమ్యూనిటీని అణిచే మందు ఇది; శరీరం వైరస్‌తో పోరాడాల్సిన రోజుల్లో శరీరం చేతులే కట్టేయమన్నట్టే కదా! నేను వేసుకోలేదు కాబట్టి సరిపోయింది. దయచేసి మీరూ డాక్టర్ చెప్పనిదే వేసుకోకండి. నాకు ఆసుపత్రిలో వాడినప్పుడే షుగర్ 300 దాటింది. స్టెరాయిడ్లతో షుగర్ పెరిగినవాళ్లని పట్టుకునే బ్లాక్ ఫంగస్‌తో కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రికి జనం పరుగెత్తుతున్న రోజులవి. ముక్కు దిబ్బడ వేస్తే చాలు, వణికిపోయేదాన్ని. జ్వరం తగ్గినా రెండో వారం దాటేవరకు ఆక్సీమీటర్ వదలొద్దని కూడా చెబుతున్నాను.

ఆ డ్యూటీ డాక్టర్ మీద కోపం పోలేదు. ఎన్ని రాత్రులు నిద్ర లేకుండా ఉన్నాడో అనుకుంటాను, అయినా పోలేదు. సిస్టర్ పేరు అడగలేకపోయాను.

చిలుకూరు బాలాజీకి ఆ రాత్రే మొక్కుకున్నాను. మరుసటి జనవరిలో వెళ్లాను. చేతిలో కార్డు మీద గళ్ళు కొట్టుకుంటూ, రెండుసార్లు కూర్చుని లేచి, 108 ప్రదక్షిణలు పూర్తి చేశాను. మా ఆయన జేబులోంచి ఆక్సీమీటర్ తీసి నా వేలికి పెట్టారు. 97.